తలంటు పోసుకుని కూతకెళ్ళిన రోజు

మా పాత కబడ్డీ కెప్టెన్‌కి తెనాలిలో సన్మానం చేస్తున్నారట. ఆ సందర్భంగా సంచిక వేస్తున్నామనీ, ఆవిడతో కలిసి ఆడినవాళ్ళు తలా నాలుగు మంచి మాటలు రాసివ్వాలనీ కబురొచ్చింది. ఫోన్ చేసిన పెద్దమనిషి మర్యాదస్తుడు. "మీరిద్దరూ ఒకే గ్రౌండులో పెరిగినవాళ్ళు కదండి, బోలెడు జ్ఞాపకాలుంటాయి" అన్నాడు. ఉన్నాయి, లేకేం. వాటిలో మంచి మాటలే లేవు. చూస్తానండి అని పెట్టేశాను.

ఆవిడంటే నాకు అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు. వయసు మీద పడ్డాక మనసు మెత్తబడుతుందనీ, పాత తగవులు నవ్వుకునే కబుర్లవుతాయనీ అంటారు. నాకు అలాంటిదేమీ జరగలేదు. చలిగాలి తిరిగితే నా ఎడమచేతి చిటికెనవేలు ఇప్పటికీ లాగుతుంది. దాన్ని విరిచింది ఆవిడే. విరిచాక అయ్యో అని కూడా అనలేదు. అందుకే సన్మాన సంచికకి పనికిరాని సంగతులన్నీ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఎనభైల చివరి మాట ఇది. అప్పటికి రేపల్లె, తెనాలి, బాపట్ల ఒకే జిల్లాలో ఉండేవి. మాది రేపల్లె. నాన్న పక్క ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు. రోజూ సైకిల్ మీద వెళ్ళొచ్చేవాడు. ఎవరితోనూ మాట అనిపించుకోని మనిషి. ఆ లోటు అమ్మ తీర్చేది. అమ్మకి ముక్కు మీద ఉండేది కోపం. పాలు పోసే ఆమె దగ్గర్నుంచి మా బడి హెడ్మాస్టారి దాకా అందరూ ఆవిడ నోటికి జడిసేవాళ్ళు. నాన్న రంగు, అమ్మ నోరు నాకొచ్చాయి.

కోతలైపోయాక మా వీధి చివర పొలంలో మగపిల్లలు కబడ్డీ ఆడేవాళ్ళు. నన్ను రానిచ్చేవాళ్ళు కాదు. ఒకరోజు వెళ్ళి మధ్య గీత మీద కూర్చున్నాను. లేవమంటే లేవలేదు. జడ పట్టుకుని లాగినవాడి చెయ్యి కొరికాను. ఒక్కసారి ఆడనిస్తే దెబ్బ తగిలి ఏడ్చుకుంటూ పోతుందిలే అని చివరికి రానిచ్చారు. గుక్క తిప్పకుండా కబడ్డీ కబడ్డీ అంటూ ఎదుటివాళ్ళ సగంలోకి వెళ్ళి, ఎవరో ఒకరిని తాకి, వాళ్ళ చేతికి చిక్కకుండా మళ్ళీ గీత దాటి రావడాన్ని మావైపు కూతకెళ్ళడం అంటారు. ఆ సాయంత్రం నేను కూతకెళ్ళిన ఒక్కసారి కూడా నన్నెవరూ పట్టలేకపోయారు. అప్పట్నుంచి ఏడవడం వాళ్ళ వంతయింది.

అమ్మకి ఈ ఆట గిట్టేది కాదు. మోకాళ్ళు దోక్కుపోయి ఇంటికొస్తే ఒక చేత్తో పసుపు అద్దుతూ ఇంకో చేత్తో వీపు చితక్కొట్టేది. చుట్టుపక్కలవాళ్ళు అడిగితే "సైకిల్ మీంచి పడిందండి" అని చెప్పేది. మా ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ పొద్దున్నే నాన్నతో పాటు వెళ్ళిపోతుందని వీధిలో అందరికీ తెలుసు. తెలిసినా అమ్మని ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంటర్‌కి తెనాలి కాలేజీలో చేరాను. పొద్దున ప్యాసింజరుకి వెళ్ళి, సాయంత్రం బండికి తిరిగి రావడం. కాలేజీ అయ్యాక బండి వచ్చేలోగా ఖాళీ ఉండేది. జిల్లా జట్టుకి ఆడే ఆడపిల్లలు దగ్గర్లోనే ఒక గ్రౌండులో ప్రాక్టీసు చేస్తున్నారని తెలిసి అక్కడికి వెళ్ళాను. ఆవిణ్ణి మొదట చూసింది అక్కడే. అప్పుడే డిగ్రీలో చేరింది. అప్పటికే కెప్టెన్. పొట్టి మనిషి, గట్టి మనిషి. జడని మడిచి రిబ్బను బిగించి కట్టేది. ఆట జరుగుతున్నంతసేపూ తనకేమీ పట్టనట్టు ఒక మూల వంగి నిలబడేది. కూతకొచ్చిన పిల్ల వెనక్కి తిరగ్గానే చీలమండ అందుకునేది. ఆవిడ చేతికి కాలు చిక్కిందంటే ఇక అంతే సంగతులు.

"ఎక్కణ్ణుంచి వచ్చావు?" అని అడిగింది నన్ను.

"రేపల్లె నుంచి అక్కా."

"అక్కడ ఎవరితో ఆడావు?"

"మగపిల్లలతో."

"మగపిల్లలు ఆడపిల్లని గట్టిగా పట్టుకోరు. అందుకే గొప్పదాన్ననుకుంటున్నావు. రా, కూతకి."

వెళ్ళాను. వెనక్కి తిరిగేలోపే నా మొహం నేలకి తగిలింది. ముందు పన్ను చివర విరిగి, నోట్లో మట్టితో పాటు నాలుక్కి తగిలింది. ఆవిడ నా కాలు వదిలి, చేతులు దులుపుకుని, "లే రేపల్లె, ఇంకోసారి" అంది. ఆ రోజుతో నా పేరు పోయింది. ఆ గ్రౌండులో అందరికీ నేను రేపల్లెనే.

పెద్దది కాబట్టి ఆవిణ్ణి అక్కా అని పిలవక తప్పేది కాదు. ఆ అక్కా అనే మాటలో నేనెంత విషం కలిపేదాన్నో ఆవిడకి తెలుసు. ఆవిడ నన్ను పిలిచే పిలుపులోనూ అంతే ఉండేది. నీళ్ళ కుండ దగ్గర నేను ముందు గ్లాసు అందుకుంటే, తను తాగేదాకా ఆగమనేది. నా తువ్వాలు పొరపాటున ఆవిడ బ్యాగుకి తగిలితే కాలితో పక్కకి తోసేది. అమ్మ నా నిక్కరుని మోకాళ్ళ కిందకి వచ్చేలా కుట్టించింది, పరువు పోకుండా. అది చూసి ఆవిడ అందరి ముందూ "ఇది నిక్కరా, మీ నాన్న పైజమానా?" అంది. ఆ మాటకి అందరూ నవ్వారు. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

ఒక సాయంత్రం ఆవిడ పట్టు విడిపించుకోబోతే నా చిటికెనవేలు ఆవిడ పిడికిట్లో ఉండిపోయి టక్కుమంది. "వేళ్ళు లోపలికి మడుచుకోవాలని ఎవరూ చెప్పలేదా?" అంది. ఎవరు చెప్తారు? చెప్పాల్సిన కోచ్ మాస్టారు ఆవిడ ఎంత చెబితే అంత. ఆ ఏడాది జిల్లా జట్టులో నన్ను రిజర్వుగా పెట్టారు. పేరుకే అది. టోర్నమెంటు అయినన్నాళ్ళూ బిందెతో నీళ్ళు మొయ్యడం, వాళ్ళ బ్యాగులకి కాపలా కాయడం నా పని. ఒక్కసారి కూడా బరిలోకి దింపలేదు.

ఇంట్లో చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వింటూ వింటూ చెయ్యి ఆపింది.

"నువ్వెళ్ళింది ఆటకా, వాళ్ళింట్లో పనికా?"

"వచ్చే ఏడు తప్పకుండా జట్టులో ఉంటానమ్మా."

"పన్ను పోయింది, వేలు పోయింది. వచ్చే ఏడు ఇంకేం పోగొట్టుకుంటావు?"

నాన్న పేపరు చాటు నుంచి, "ఇంకొక్క ఏడు చూడనియ్యరాదూ" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన అంతకన్నా పెద్ద మాట అనగా నేను వినలేదు. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి, తీర్పు చెప్పింది. ఇంకొక్క ఏడు. ఏడుగురి జట్టులో నేనుంటే సరేసరి. లేకపోతే ఆట కట్టిపెట్టి, కాలేజీ నుంచి తిన్నగా ఇంటికొచ్చి టైపు నేర్చుకోవాలి. మళ్ళీ గ్రౌండు పేరెత్తకూడదు. అమ్మ మాటంటే మాటే, అందులో బేరాలుండవు.

ఆ ఏడాదంతా నాకు ఇంకో ధ్యాస లేదు. ఏడుగురిలో ఉండాలి, ఆ తెనాలి మనిషి చేతికి చిక్కకూడదు. పొద్దున్నే కాల్వ గట్టు మీద పరిగెత్తేదాన్ని. బండిలో కూర్చుని గుక్క బిగపట్టి ఎంతసేపు ఆగగలనో చూసుకునేదాన్ని. వేమూరులో ఎక్కే ఒక ముసలాయన నాకేదో ఉబ్బసం అనుకుని తన విసనకర్ర ఇచ్చి, "విసురుకో తల్లీ, పాపం చిన్న వయసులోనే" అన్నాడు. నేనా విసనకర్రతో విసురుకుంటూ, ఆవిణ్ణి ఎన్ని రకాలుగా కింద పడెయ్యొచ్చో ఆలోచిస్తూ తెనాలి చేరేదాన్ని.

మరుసటి ఏడు సెలెక్షన్లు బాపట్లలో పెట్టారు. వచ్చినవాళ్ళని రెండు జట్లుగా విడగొట్టి ఆడించి, ఏడుగురి పేర్లూ అక్కడికక్కడే చదువుతారు. తిరిగొచ్చేసరికి పొద్దుపోతుంది, ఒంటరిగా పంపనంది అమ్మ. తనే వస్తానంది. "అదేం ఆటో నా కళ్ళతో చూసి, అక్కడితో సరిపెట్టేద్దాం" అంది.

ఆ రోజు శుక్రవారం. తెలతెలవారుతుండగా అమ్మ నన్ను లేపి, పెరట్లో పీట మీద కూర్చోబెట్టింది. పక్కన గిన్నెలో గోరువెచ్చటి నువ్వుల నూనె, ఇంకో గిన్నెలో సున్నిపిండి, పొయ్యి మీద కుంకుడుకాయల నీళ్ళు. మా ఇంట్లో పిల్లలు పరీక్షకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా, కొత్త బడిలో చేరినా ముందు తలంటు పోయాల్సిందే.

"ఆటంటే అంత కోపం కదా నీకు, మరి ఇదెందుకు?" అన్నాను.

"కోపం ఆట మీద. నువ్వు నా పిల్లవి. ఒక పని మీద గడప దాటుతూ ఒట్టి నీళ్ళు పోసుకుని వెళ్తావా? తల వంచు."

మాడు మీద నూనె చరిచి, చేతులకీ కాళ్ళకీ పట్టించింది. మోకాళ్ళూ చీలమండలూ విరుగుతాయని అమ్మ భయం. అక్కడ మాత్రం బొటనవేలితో నొక్కి నొక్కి ఇంకేదాకా రుద్దింది. సున్నిపిండి సగం నలిచేసరికి బండి టైమైంది. "చాల్లే, ఒంటికి కాస్త నూనె ఉంటే మంచిదే" అని నీళ్ళు గుమ్మరించేసింది. ఒంటికి నూనె రాసుకుని బరిలోకి దిగకూడదని కబడ్డీలో రూలుంది. పట్టుకునేవాళ్ళ చేతులు జారతాయి కాబట్టి. ఆ రూలు నాకు తెలుసు. కానీ నా లెక్కలో తలంటు అంటే స్నానం. నూనె పూసుకోవడం దొంగలు చేసే పని. ఆ రెండూ బరిలో ఒకటే అవుతాయని నాకూ తోచలేదు, అమ్మకి రూలే తెలీదు.

తెనాలిలో దిగి బాపట్ల బండి ఎక్కాం. అదే పెట్టెలోకి ఆవిడా ఎక్కి, సరిగ్గా మా ఎదుటే కూర్చుంది. వేరే చోటు లేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, ఆవిడా అంతే. ఆవిడెవరో అమ్మకి తెలీదు. నేను చెప్పలేదు. చెప్పానంటే బండి నిడుబ్రోలు దాటకుండానే రభస అయిపోతుంది. చేతిలో బ్యాగు చూసి, ఇదీ ఆటకెళ్ళే పిల్లే అనుకుని అమ్మ క్యారేజీ విప్పింది.

"ఏమ్మా, పొద్దున్నే బయల్దేరి ఉంటావు. ఏమన్నా తిన్నావా?"

"లేదండి పిన్నిగారూ."

"పులిహోర ఉంది, తీసుకో. మొహమాటపడకు."

మొహమాటమనేది ఆవిడ ఒంట్లోనే లేదు. గిన్నె ఖాళీ చేసి, "బాగుందండి, ఉప్పు కొంచెం తగ్గింది" అంది. చెయ్యి తుడుచుకుంటూ నా వైపు తిరిగి ఒకసారి ముక్కు ఎగబీల్చింది. నా తల నుంచి నువ్వుల నూనె, కుంకుళ్ళ వాసన గుప్పుమంటోంది. ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. బాపట్లలో దిగి నడుస్తుంటే అమ్మ, "ఎంత కలుపుగోలు పిల్లో చూడు, నీకెందుకు రావు ఆ బుద్ధులు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

గ్రౌండులో నన్ను ఒక జట్టులో, ఆవిణ్ణి ఎదుటి జట్టులో వేశారు. కోచ్ మాస్టారే ఈల పట్టుకున్నారు. ముందు అందరి గోళ్ళూ చూశారు. ఒళ్ళు చూడాలని ఆయనకీ తోచలేదు. అమ్మ సరుగుడు చెట్ల నీడన క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా మోకాళ్ళు చూసి మొహం అటు తిప్పుకుంది, ఎందుకంటే ఆ రోజు కాలేజీవాళ్ళిచ్చిన నిక్కరు వేసుకున్నాను.

మొదటి కూతకే ఒకమ్మాయిని తాకి వచ్చాను. తర్వాతిసారి ఇద్దరు నా చేతులు దొరకబుచ్చుకున్నారు, గుంజితే ఊడొచ్చాయి. అదంతా నా బలమే అనుకున్నాను. ఏడాది పాటు కాల్వ గట్టు మీద పరిగెత్తింది ఊరికే పోలేదనుకున్నాను. ఎండ ఎక్కేకొద్దీ చెమట పట్టింది, చెమటకి నూనె పైకి తేలింది, నన్ను పట్టడం ఇంకా కష్టమైంది. కోచ్ మాస్టారు నన్ను చూసి తలూపారు. పోయినేడు బిందె మోయించిన మనిషి నన్ను చూసి తలూపాడంటే జట్టులో ఉన్నట్టే. ఆ ఊపులో ఆవిడ ఉన్న మూలకే వెళ్ళాను. వెనక్కి తిరుగుతుండగా ఆవిడ చెయ్యి నా కుడి చీలమండ మీద పడింది. ఆ పట్టు నాకు తెలుసు, ఇక మట్టి కరవడమే అనుకున్నాను. కాలు సర్రున జారి బయటికొచ్చేసింది. గీత దాటి వెనక్కి తిరిగి, ఆవిడ మొహంలోకి చూసి పగలబడి నవ్వాను.

ఆవిడ మోకాలి మీదే ఉండి తన అరచెయ్యి చూసుకుంది. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసింది. వాసన చూసింది. లేచి నిలబడి చెయ్యెత్తింది.

"సార్, ఆట ఆపండి. రేపల్లె ఒంటికి నూనె పూసుకొచ్చింది."

కోచ్ మాస్టారు వచ్చి జేబులోంచి తెల్ల రుమాలు తీసి నా మోచెయ్యి తుడిచారు. సున్నిపిండిలో పసుపుంటుంది కదా, రుమాలు పచ్చగా జిడ్డోడుతూ వచ్చింది. దాన్ని అందరికీ కనబడేలా పైకి పట్టుకున్నారు.

"రూలు తెలీదా నీకు? మోసం చేసి జట్టులోకి వద్దామనుకున్నావా? బయటికి నడు."

నా నోరు ఎక్కడికి పోయిందో పోయింది. మా అమ్మ తలంటు పోసిందండి అంటే గ్రౌండంతా నవ్వుతుంది, తప్పు అమ్మ నెత్తిన పడుతుంది. అనకపోతే నేను దొంగని. "అందుకేనా జారిపోతోంది" అని అవతలి పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. ఏడుగురిలో చోటు సంగతి అటుంచి, ఈ జిల్లాలో ఇక నన్నెవరూ బరిలోకే రానివ్వరనిపించింది. బయటికి నడవడానికి కూడా కదల్లేకపోయాను.

అప్పుడు అమ్మ వచ్చింది. చెప్పులతోనే సున్నం గీతలు తొక్కుకుంటూ బరి మధ్యలోకి వచ్చేసింది.

"ఏంటండీ మాస్టారూ, మోసమంటున్నారు?"

"మీ అమ్మాయి నూనె పూసుకొచ్చిందమ్మా. ఇదిగో చూడండి."

"అది పూసుకోలేదండి, నేను పూశాను. శుక్రవారం పూట పిల్లకి తలంటు పోసి పంపడం మోసమా? అలాగైతే మీ అమ్మగారు కూడా మిమ్మల్ని మోసంతోనే పెంచి ఉంటారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కోచ్ మాస్టారు రుమాలు జేబులో పెట్టుకోబోయి, జిడ్డు గుర్తొచ్చి చేతిలోనే ఉంచుకున్నారు. అమ్మ ఆయన్ని వదిలేసి ఆవిడ వైపు తిరిగింది.

"చెప్పింది నువ్వేనా?"

"నేనేనండి."

"పొద్దున నా చేతి పులిహోర తిన్నావు కదే."

"తిన్నానండి. పులిహోర తిన్నానని పట్టు వదిలెయ్యమంటారా?" అని, ఆవిడ కోచ్ మాస్టారి వైపు తిరిగింది. "దీన్ని కడుక్కుని రమ్మనండి సార్. ఇప్పుడు పంపించేస్తే, నూనె లేకపోయినా నేను పట్టలేకపోయేదాన్నని ఊరంతా చెప్పుకుంటుంది. శుభ్రంగా రానివ్వండి. అందరి ముందూ పట్టి చూపిస్తాను."

ఇదంతా ఆవిడ పెద్దమనసని సన్మాన సంచికలో ఎవరో ఒకరు రాసే తీరుతారు. పెద్దమనసూ లేదు, గాడిదగుడ్డూ లేదు. తన చేతిలోంచి ఒక కాలు జారిపోవడం ఆవిడ భరించలేకపోయింది. అంతే. కోచ్ మాస్టారు ఎప్పటిలాగే ఆవిడ మాటకి తలూపారు. ఇప్పటిదాకా నేను తెచ్చిన పాయింట్లు చెల్లవనీ, కడుక్కొచ్చాక ఆడేదే చూస్తాననీ అన్నారు.

గ్రౌండు పక్క పంపు దగ్గర సబ్బు లేదు, ఏమీ లేదు. బాపట్లలో ఉండేది ఇసుకే. అమ్మ కొంగు బిగించి, గుప్పెళ్ళతో ఇసుక తీసి, అంట్ల గిన్నెని తోమినట్టు నా చేతులూ కాళ్ళూ తోమడం మొదలుపెట్టింది.

"మండుతోందమ్మా."

"మండనీ. చుక్క నూనె ఉండకూడదు. మోసమంటారా నా పిల్లని? ఆ కాలు ఇటు పెట్టు."

పొద్దున అంత ఓపిగ్గా నూనె ఇంకించిన చీలమండలనే ఎర్రగా కందిపోయేదాకా రుద్దింది. రుద్దుతున్నంతసేపూ గొణుగుతూనే ఉంది. ఉప్పు తగ్గిందంట, ఉప్పు. చివరికి తన వేలితో నా కాలి మీద గట్టిగా రాసి, వేలు జారకుండా పట్టుకోవడం చూసుకుని, "ఇక పో" అంది.

ఒళ్ళంతా భగభగమంటూ బరిలోకి దిగాను. తిన్నగా ఆవిడ మూలకే వెళ్ళాను. వేరేచోటికి వెళ్ళి తేలిగ్గా ఒకరిని తాకి రావచ్చు, కోచ్ మాస్టారికి అది చాలు. కానీ ఆ క్షణంలో నాకు జట్టు గుర్తులేదు, టైపు గుర్తులేదు, ఆవిడ మొహం ఒక్కటే కనిపించింది. ఆవిడ భుజం తాకాను. వెనక్కి తిరిగాను. కుడి చీలమండ మీద చెయ్యి పడింది. ఈసారి జారలేదు. నేల మీద పడి, గీత వైపు చెయ్యి చాచి, మోచేతులతో పాక్కుంటూ ఆవిణ్ణి కూడా ఈడ్చుకుపోయాను. సున్నం నా వేలి కొసకి అందేంత దూరంలో ఉంది. గుక్క అయిపోయింది. కబడ్డీ అనే మాట గొంతులోనే ఆగిపోయింది.

"ఇదీ పట్టంటే" అంది ఆవిడ, నా వీపు మీంచి లేస్తూ.

సాయంత్రం కోచ్ మాస్టారు ఏడుగురి పేర్లు చదివారు. అందులో నేను లేను. ఈసారి రిజర్వుల్లో కూడా లేను.

తిరుగు బండిలో కూడా ఆవిడ మా పెట్టెలోనే ఉంది. అమ్మ ఆవిడ వైపు చూడలేదు. తెనాలిలో దిగుతూ, "వెళ్ళొస్తానండి పిన్నిగారూ" అంది. వెళ్ళొస్తానన్న మనిషికి మంచిదమ్మా అని బదులు చెప్పకుండా అమ్మ ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

రేపల్లె బండి ఎక్కాక నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ అనేలోపు నేనే అనేస్తే కాస్త రోషమైనా దక్కుతుందనిపించింది.

"సోమవారం టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి కనుక్కుంటాను" అన్నాను.

అమ్మ వినిపించుకోలేదు. వేమూరు దాటేదాకా క్యారేజీ గిన్నెలు విప్పుతూ బిగిస్తూ కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి, "అది రెండుసార్లూ నీ కుడికాలే పట్టుకుంది" అంది.

"ఊఁ."

"వెనక్కి తిరిగేటప్పుడు ఆ కాలు దాని ముందే వదిలేసి వస్తున్నావు. దానికోసమే కాచుక్కూర్చుంది అది. ఎందుకలా తిరుగుతావు?"

"అలవాటు."

"అలవాటంట, అలవాటు" అంది అమ్మ. "నా పులిహోర తిని, ఉప్పు తగ్గిందని చెప్పి, నా పిల్లని పదిమందిలో దొంగంటదా? దాని చెయ్యి పడ..." తిట్టు పూర్తి చెయ్యకుండా మింగేసింది. ఎదుటి సీట్లో పెద్దవాళ్ళున్నారు.

రేపల్లె స్టేషన్లో దిగి ఇంటివైపు నడిచాం. ఇసుకతో కందిన కాళ్ళకి గాలి తగిలి చురుక్కుమంటోంది. అమ్మ నాకంటే ముందు నడుస్తోంది. మా వీధి మలుపు దగ్గర ఆగింది.

"ఆ పిల్లకి చదువు ఈ ఏటితో అయిపోద్దా?"

"లేదు. డిగ్రీ ఇంకో ఏడు ఉంది."

"అయితే వచ్చే ఏడు కూడా ఆడుద్దా?"

"ఆడకేం. కెప్టెన్ కదా."

అమ్మ ఖాళీ క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఆడాలి" అంది. "టైపు సంగతి తర్వాత చూద్దాం. అది మాత్రం వచ్చే ఏడు అక్కడ ఉండాలి."